అరంగుళం ఉలితో మొదలుపెట్టండి

ప్లైవుడ్ కోసి స్క్రూలు బిగించే పనిలో నాలుగైదేళ్లుగా ఉన్న కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతారు: "చేత్తో జాయింటు వేయడం ఇప్పుడు నేర్చుకుంటే పనికొస్తుందా అన్నా?" వస్తుంది. వంటింటి అరలన్నీ ప్లైవుడ్‌తో చేయించుకునేవాళ్లలో చాలామంది సింహద్వారం దగ్గరికొచ్చేసరికి టేకే కావాలంటారు. ద్వారబంధానికి, ఉయ్యాల బల్లకి, పాత ఇంటి తలుపు మరమ్మతుకి స్క్రూ చాలదు.

ఉన్న పని మానొద్దు. వారానికి ఒక పూట చాలు, కానీ ఒక్క జాయింటే పట్టుకోండి. ఒక చెక్కలో బెజ్జం తొలిచి, రెండో చెక్క కొనను నాలుకలా చెక్కి అందులో దూర్చేది. మన గుమ్మాలు నిలబడింది దీని మీదే. సొరుగుల డవ్‌టెయిల్ చూడముచ్చటగా ఉంటుంది, దానికి తొందర లేదు.

అరంగుళం ఉలి, సన్న పళ్ల రంపం, మూలమట్టం, రెండు ములుకుల మార్కింగ్ గేజ్, కొయ్య సుత్తి, సానరాయి ఉంటే సరిపోతుంది. చెక్క అడితిలో చిత్రిక పట్టించి తెచ్చుకోండి. టేకు మాత్రం వద్దు. ఖరీదు సరే, అందులో ఉండే సిలికా ఉలి పదును తొందరగా తినేస్తుంది. మామిడి ముక్కలు చాలు. మొదటి రెండు వారాలూ చెక్క ముట్టుకోకుండా ఉలి నూరడమే నేర్చుకోండి. వాలు 25 డిగ్రీలు, అంచు దగ్గర 30. వెనకవైపు పూర్తిగా చదునుగా రావాలి. మొద్దు ఉలితో నేర్చుకున్నవాడికి చెక్క మీద కోపం తప్ప ఏమీ రాదు.

ఇక గీత. నాలుక మందం చెక్క మందంలో మూడో వంతు. ఒకటిన్నర అంగుళం చెక్కకి అరంగుళం. అయితే ఈ అరంగుళాన్ని స్కేలుతో కొలవకండి. గేజ్ ములుకుల మధ్య ఉలి అంచునే పెట్టి సరిచేయండి, బెజ్జం మీ ఉలి వెడల్పుకే రావాలి కాబట్టి. రెండు చెక్కలకీ ముఖం వైపు గుర్తు పెట్టుకుని, గేజ్‌ని ఎప్పుడూ ఆ వైపు నుంచే ఆనించండి. నాలుక మొదలయ్యే చోట గీసే భుజం గీతకి పెన్సిల్ కాదు, కత్తి మొన వాడండి. పెన్సిల్ గీతకి మందం ఉంటుంది, కత్తి గాటులో ఉలి తనంతట తానే కూర్చుంటుంది. ముందు బెజ్జం, తర్వాతే నాలుక. తొలిచేటప్పుడు రెండు కొసల దగ్గరా గీతకి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగండి. పెళ్ల లేపడానికి ఉలిని ఆనించేది అక్కడే, ఆ అంచు నలుగుతుంది. గీత దాకా చివర్లో చెక్కుకోవచ్చు. నాలుక కోసేటప్పుడు రంపం గీతకి బయటే నడవాలి, గీత చెక్క మీద మిగలాలి.

నా మొదటి ద్వారబంధం బిగుతుగా ఉందని సుత్తితో దంచాను. పైకమ్మి కొన నారబారునా చీలిపోయింది. ఎందుకో ఆ రాత్రంతా ఆలోచిస్తే అర్థమైంది: బెజ్జాన్ని మరీ కొసకి తొలిచాను. అందుకే పైకమ్మిని రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చేలా వదులుతారు. మీ సాధన ముక్కలకీ రెండంగుళాలు అదనంగా ఉంచండి. నాలుక చేతి బలంతో సగం దాకా వెళ్లి, మిగతాది రెండు మూడు దెబ్బలకి దిగాలి. అంతకన్నా ఎక్కువ అడిగితే బయటికి తీసి, నలిగి మెరుస్తున్న చోట మాత్రమే చెక్కండి.

పనిముట్ల ఖర్చుకి ఒక దారి ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. అర్హత ఉన్నవారికి శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం పథకంలో పెట్టారు. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులే. అంతలో చెయ్యి తిరగదు, కానీ మంచి ఉలులు చేతికొస్తాయి.

పదో జత పూర్తయ్యాక దాన్ని నిలువునా మధ్యకి కోసి చూడండి. పైకి కనబడని సందు ఎక్కడుందో, నాలుక ఏ పక్కకి ఒరిగిందో అక్కడ తెలుస్తుంది. ఆ ముక్కని పారేయకుండా తేదీ రాసి బల్ల మీద పెట్టుకుని, పదకొండోది మొదలుపెట్టండి.