బల్ల మీద వాటర్లూ

ప్రశ్న: రంగులద్దిన సైనికుల బొమ్మలతో నెపోలియన్ యుద్ధాలు ఆడితే నిజంగా చరిత్ర తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. సేనానికి ఎదురైన చిక్కు మనకూ ఎదురవుతుంది కనుక. 1815 జూన్ 18న వాటర్లూలో ఫ్రెంచి అశ్వికదళం మీదికొస్తుంటే బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పదాతిదళాలు నాలుగు వైపులా బాయినెట్లు నిలిపి చతురస్రాలు కట్టాయి. గుర్రాలు వాటిని ఛేదించలేకపోయాయి. అయితే అలా దగ్గరగా గుమిగూడిన దళం ఫిరంగులకు సులువైన గురి. ఎప్పుడు కూడాలి, ఎప్పుడు బారులు తీరాలి అన్న నిర్ణయం ఎంత కష్టమో బొమ్మలు కదిపినప్పుడే బోధపడుతుంది. పైనుంచి అంతా చూసే ఆటగాడికి రణరంగపు పొగ, అయోమయం తెలియవన్న అభ్యంతరం సబబే. దానికి పరిష్కారం 1824లోనే ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ రూపొందించిన యుద్ధపు ఆటలో ఉంది: సేనానికి కనబడేంత మేరకే మధ్యవర్తి ఆటగాడికి చెప్పాలి. మీరూ ఒక మధ్యవర్తిని పెట్టుకుని ఆడండి.