ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఉన్న మా చిన్నోడికి



అక్కడ చలి ముదిరిందట కదా, నువ్వు స్వెట్టర్ లేకుండా తిరుగుతున్నావేమోనని మీ నానమ్మ రోజూ నన్ను తిడుతోంది, అదేదో నేనే విప్పించినట్టు. కవరు మీద బేర్ సరాయ్ అని రాస్తుంటే ముచ్చటేసిందిరా. చుట్టుపక్కల జియా సరాయ్, కాలూ సరాయ్, కట్వారియా సరాయ్ కూడా ఉన్నాయనీ, ఏ మెట్లెక్కినా తెలుగు వినిపిస్తుందనీ అన్నావు. సోషల్ చెప్పిన నోరు, ఊరుకోదు కదా.

సరాయ్ పారసీ మాట. ఇల్లనీ, భవంతి అనీ అర్థం. టర్కీ వాళ్లకి రాజుగారుండే కోట సరాయ్. ఇస్తాంబుల్‌లో సుల్తానులున్న తోప్‌కాపీని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మంగోలు ఖాన్లయితే వోల్గా ఒడ్డున రాజధాని కట్టి ఊరికే ఆ పేరు పెట్టేశారు. ఇరాన్‌లో ఒంటెల బిడారులు దిగే మజిలీలు కారవాన్‌సరాయ్‌లు, వాటిలో 54 చోట్లని 2023లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మన దగ్గరికొచ్చేసరికి దారినపోయేవాడి సత్రమైంది. సుల్తాను పడుకున్నా సరాయే, బాటసారి పడుకున్నా సరాయే, నాకదే ఇష్టం.

షేర్షా ఢిల్లీని ఏలింది 1540 నుంచి 1545 దాకానే, అంతలోనే దారుల వెంట రెండేసి కోసులకో సరాయ్ చొప్పున 1700 కట్టించాడని చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. ఆ లెక్క సంగతి పండితులు తేల్చుకుంటారులే. నాకు పట్టేది గుమ్మాల దగ్గర ఎవరైనా తాగడానికి నింపి పెట్టించిన నీళ్ల కుండలు, లోపల హిందువుల కోసం బ్రాహ్మణులు, వేణ్ణీళ్లూ చన్నీళ్లూ, మంచం, భోజనం, గుర్రానికి దాణా. గుర్రం ఆకలి కూడా గుర్తుంది చూడు మహానుభావుడికి!

మొగల్‌సరాయ్ స్టేషనంటే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. 2018లో ఆ స్టేషను పేరు మార్చారనుకో. కాశీ వెళ్తూ అక్కడ రాత్రంతా బండి కోసం పడిగాపులు పడ్డాం. అమ్మకి హిందీ ముక్క రాదు, ఒకటే దగ్గు. పక్కన మూట మీద కూర్చున్న ఒకావిడ లేచి టీ కొట్టుకి పోయి, గ్లాసుడు వేణ్ణీళ్లు తెచ్చి, చెయ్యి కాలకుండా తన కొంగుతో పట్టుకుని అమ్మ చేత తాగించింది. అమ్మ ఆవిడ ఒళ్లో నాలుగు అరిసెలు పెట్టింది. తర్వాత ఎవరు కాశీ విశేషాలడిగినా అమ్మ విశ్వేశ్వరుడి దాకా వెళ్లేది కాదు, ఆ గ్లాసు దగ్గరే ఆగిపోయేది.

నీ గదిలో వరంగల్ కుర్రాడికి జ్వరమొస్తే జావ కాచి పోసి, మంచం వాడికిచ్చి నువ్వు గచ్చు మీద పడుకున్నావట. నువ్వు చెప్పలేదు, వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పింది. నానమ్మ వీధంతా చాటి వచ్చి, ఆ చలిలో కింద పడుకోవడమేమిటని కళ్లొత్తుకుంది. డబ్బు వేస్తున్నాను, ముందో పరుపు కొనుక్కో.

కందిపొడి, గోంగూర పంపుతున్నాం. ఎలాగూ పంచేస్తావని నానమ్మ రెండేసి సీసాలు పెట్టింది. నెయ్యి కూడా ఉంది, ఆ డబ్బా మూత బిగుసుకుపోతే కాసేపు వేడినీళ్లలో ఉంచి తిప్పు, పళ్లతో లాగకు. పరీక్ష గురించి నేనేమీ అడగను.

మీ తాతయ్య