మొలకకు కిందేదో తెలుసు

బడిలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి దాకా ఉన్న చేలే నాకు ప్రయోగశాల. సేద్యంలోకి కొత్తగా దిగుతున్న పిల్లలకు పనికొస్తాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. మండె కట్టిన వడ్లు దమ్ము మడిలో ఎలా పడినా దిగులు పడకండి. బోర్లా పడ్డా, అడ్డంగా పడ్డా వేరు కిందికే దిగుతుంది, మొలక పైకే లేస్తుంది. మొలకెత్తిన గింజల్ని తడిగుడ్డలో చుట్టి, మూసిన డబ్బాలో పెట్టి, పిల్లల చేత ఆ డబ్బాను పక్కకు తిప్పించేవాణ్ణి. మర్నాడు చూస్తే వేళ్లు కొత్త వంపు తిరిగి మళ్లీ నేలవైపే ఉండేవి. డబ్బాలో వెలుతురు లేదు. మరి దారి చూపిందేమిటి?

2. బరువు. వేరు కొసను కప్పి ఉండే తొడుగులో కొన్ని కణాలున్నాయి. వాటిలో పిండి నింపుకున్న అమైలోప్లాస్టులనే రేణువులు బిందె నీళ్లలో ఇసుకలా అడుక్కి చేరతాయి. గింజను తిప్పితే నిమిషాల్లోనే కొత్త అడుగుకు జారతాయి. దాంతో ఆక్సిన్ అనే హార్మోను కింది పక్కకు ఎక్కువగా మళ్లుతుంది. అలా ఎక్కువైన ఆక్సిన్ వేరులో ఆ పక్క ఎదుగుదలను తగ్గిస్తుంది, కాండంలో పెంచుతుంది. ఒకే హార్మోనుతో ఒకటి కిందికి, ఒకటి పైకి! ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ చోట నాకు ఒళ్లు పులకరించేది.

వేరు కొస కోసేస్తే వంగదని డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880లోనే రాశారు. పిండి రేణువుల సంగతి 1900లో హాబర్లాండ్, నెమెక్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఎవరికి వారుగా చెప్పారు. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేసి చూడండి, లేతవేరు కొస నీలినలుపు తిరుగుతుంది. అయితే పిండి తయారుచేసుకోలేని మొక్కలు కూడా ఆలస్యంగా, కాస్త వంగుతాయి. కాబట్టి పిండే సర్వస్వమనుకోకండి.

3. కొల్లేరు పల్లపు మడుల్లో వెదజల్లాక నీరు నిలవనీయకండి. దారి తెలిసినా, గాలి అందకపోతే వేరు దిగదు. మొలక మాత్రం సన్నగా సాగుతుంది.

4. ఏలూరు పక్క పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి నుంచి మొలక విత్తనం తెచ్చుకుంటే, సూదిగా ఉన్న మొలక పైకి, మొద్దుగా ఉన్న వేరు కిందికి పెట్టి నాటండి. తలకిందులు చేసినా మొక్క తిరుగుతుంది, కానీ వంకర మొదలు మిగులుతుంది. తాటి టెంక తీరు వేరు. పాతరలో దాని మొలకే ముందుగా నేలలోకి దిగుతుంది, అదే మనం సంక్రాంతికి తినే తేగ. దాంట్లో ఊరిన పిండి మాత్రం దాచుకున్న తిండి, దిక్కు చూపే పిండి కాదు.

5. అన్నిటికన్నా ముఖ్యమైనది పడిపోయిన సార్వా చేను. తుపాను గాలికి పచ్చి చేను వాలితే ఒకటి రెండు రోజుల్లో కణుపుల దగ్గర వంపు తిరిగి తలెత్తడం చూసే ఉంటారు. కణుపును చుట్టుకున్న ఆకు తొడుగు మొదట్లోనూ పిండి రేణువులే ఉంటాయి. కింది పక్క ఎక్కువ ఎదిగి గడ్డిని పైకి తోస్తుంది. ఆ వంపు ఎదుగుదలతో వచ్చింది, చేత్తో లాగితే పోదు, గడ్డి విరుగుతుంది. కాబట్టి దుబ్బులు కలిపి కట్టదలిస్తే పడిన రోజే కట్టించండి. ముందు బోదెలు తీసి నీరు వదలండి.

కంకి పండి గడ్డి ఎండుముఖం పడితే కణుపులో ఆ శక్తి ఉండదు. అప్పుడు చేను లేస్తుందని ఎదురుచూడకండి. తడిసిన కంకిలోనే గింజ మొలకెత్తే భయముంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేయించి, తెరిపి ఇవ్వగానే కోతకు మనుషుల్ని పిలవండి.