విత్తనాల వడ్లు, తిండి వడ్లు

రమణమ్మకు 35 ఏళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త ఆటో నడుపుతాడు. కూతురు పదో తరగతి చదువుతోంది.

రమణమ్మ అత్తకు 66 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయే దాకా మిరపకోతలకు పోయింది. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటోంది. ఆమెకు నెలకు 4000 రూపాయల పింఛను వస్తోంది. అందులో సగం మందులకే పోతోంది.

అత్త కూడా ఒకప్పుడు డబ్బు దాచుకుంది. కూలి డబ్బుల్లో మిగిల్చి 12,000 పోగు చేసింది. అప్పుడు ఒక కంపెనీ వాళ్లు ఊళ్లోకి వచ్చారు. ఎక్కడో భూములున్నాయని ఫొటోలు చూపించారు. అయిదేళ్లలో రెట్టింపు ఇస్తామన్నారు. అయిదేళ్లు కాకముందే కంపెనీ బోర్డు తిప్పేసింది. అత్త దగ్గర రసీదులు మిగిలాయి. అవి ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఈ నెల రమణమ్మకు చీటీ వచ్చింది. 60,000 రూపాయలు చేతికి అందాయి. ఆ సంగతి తెలిసి టౌను నుంచి ఒకాయన వచ్చాడు.

"అమ్మా, ఒక మ్యూచువల్ ఫండు ఉంది. పోయిన ఏడాది 40 శాతం పెరిగింది. ఈ 60,000 మొత్తం అందులో పెట్టెయ్యండి. ముసలితనంలో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అన్నాడు.

ఆయన వెళ్లాక అత్త అంది: "ఆ కంపెనీ వాడు కూడా ఇట్టాగే తియ్యగా మాట్లాడాడే!"

రమణమ్మకు ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. సంఘం పుస్తకాలు రాసే పద్మ దగ్గరికి వెళ్లింది.

పద్మ అడిగిన ప్రశ్న

"అక్కా, మీ పుట్టింట్లో వడ్లు ఎట్లా దాచేవాళ్లు?" అని అడిగింది పద్మ.

"తిండికి వేరే, విత్తనాలకు వేరే."

"విత్తనాల వడ్లు దంచుకుని తినేస్తే?"

"వచ్చే ఏడు చేలో ఏం చల్లుకుంటాం?"

"పోనీ, తిండి వడ్లు కూడా చేలో చల్లేస్తే?"

"పంట చేతికొచ్చే దాకా పస్తులే కదా!"

"డబ్బు సంగతీ అంతే అక్కా. త్వరలో కావలసిన డబ్బు తిండి వడ్లు. ముసలితనానికి దాచే డబ్బు విత్తనాల వడ్లు. రెండూ ఒకే చోట పెట్టకూడదు. ఆయన చెప్పిన ఫండు మంచిదా, చెడ్డదా అన్నది తర్వాత చూద్దాం. నీ దగ్గరున్న 60,000లో విత్తనం ఎంత, తిండి ఎంత? ముందు అది చెప్పు."

రమణమ్మ ఆలోచనలో పడింది. వచ్చే జూన్‌లో కూతురిని ఇంటర్లో చేర్చాలి. 25,000 దాకా కావాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే? ఆటో మరమ్మతుకు వస్తే? దానికి ఒక 20,000 చేతిలో ఉండాలి. ఇక మిగిలేది 15,000. విత్తనం అంతే!

మ్యూచువల్ ఫండు అంటే ఏమిటి?

చాలామంది డబ్బును ఒకచోట చేరుస్తారు. ఆ డబ్బుతో కంపెనీల షేర్లు కొంటారు. లేదా ప్రభుత్వానికి, కంపెనీలకు వడ్డీకి ఇచ్చి బాండ్లు తీసుకుంటారు. ఈ ఉమ్మడి మూటే మ్యూచువల్ ఫండు. మూటలో మన వాటాను యూనిట్లు అంటారు. ఒక్క యూనిట్ ధరను ఎన్.ఏ.వి. అంటారు. పని జరిగే ప్రతిరోజూ ఈ ధరను లెక్కగట్టి ప్రకటిస్తారు.

మన దేశంలో ఈ పద్ధతి 1964లో యూనిట్ ట్రస్ట్ 'యూనిట్ స్కీం 64'తో మొదలైంది. లక్షలాది మంది అందులో డబ్బు పెట్టారు. ప్రభుత్వం పెట్టిన సంస్థ కదా, భయం లేదు అనుకున్నారు. అయితే ఆ స్కీములో యూనిట్ ధర లోపలున్న ఆస్తుల అసలు విలువ ప్రకారం నడవలేదు. 2001 జులైలో యూనిట్లు అమ్మడం, తిరిగి కొనడం ఆపేశారు. డబ్బు పెట్టినవాళ్లు గగ్గోలు పెట్టారు. చివరికి ప్రభుత్వం కలగజేసుకోవలసి వచ్చింది. పేరు పెద్దదైనంత మాత్రాన డబ్బుకు పూచీ ఉన్నట్టు కాదు. లోపల ఏముందో చూడాలి.

ఇప్పుడు ప్రతి మ్యూచువల్ ఫండు సెబీ దగ్గర నమోదై ఉండాలి. సెబీ అంటే షేర్ల మార్కెట్టును అదుపు చేసే సంస్థ. 1992లో చట్టం చేసి దానికి అధికారాలు ఇచ్చారు. అయితే ఒక్క మాట. సెబీ మోసాలపై నిఘా పెడుతుంది. లాభానికి హామీ ఇవ్వదు.

పెరుగుతుందా? తరుగుతుందా?

రెండూ జరుగుతాయి. 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే లెక్కను సెన్సెక్స్ అంటారు. 2008 జనవరిలో అది 21,000 దాటింది. అదే ఏడు అక్టోబరులో 9,000 కిందికి పడిపోయింది. మళ్లీ 21,000 చేరింది 2010 నవంబరులోనే. అంటే దాదాపు మూడేళ్లు పట్టింది.

2020లో కరోనా వచ్చినప్పుడూ అంతే. జనవరిలో 42,000 మీద ఉన్న సెన్సెక్స్ మార్చి 23న 26,000 కిందికి వచ్చింది. నవంబరుకల్లా మళ్లీ 42,000 దాటింది.

ఆగగలిగినవాళ్లు గట్టెక్కారు. ఫీజు కట్టడానికో, ఆసుపత్రికో ఆ మధ్యలో డబ్బు తీసినవాళ్లు నష్టపోయారు. ఇద్దరిదీ ఒకే ఫండు కావచ్చు. తేడా ఫండులో లేదు. ఆగగలగడంలో ఉంది. అందుకే అయిదారేళ్ల లోపల అవసరమయ్యే డబ్బును షేర్ల ఫండులో పెట్టకూడదు.

మరి భయం లేకుండా పోస్టాఫీసులోనే పెట్టుకుంటే?

"అదే నయం కదా!" అంది రమణమ్మ.

"కొంత అక్కడే పెట్టాలి అక్కా. కానీ ధరల సంగతి చూడు" అంది పద్మ.

ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో రెట్టింపు అవుతాయి. 24 ఏళ్లలో నాలుగు రెట్లు అవుతాయి. ఇప్పుడు 500 రూపాయలకు వచ్చే సరుకు అప్పుడు 2000 పెడితే గానీ రాదు.

అటల్ పెన్షన్ యోజన అనే పథకం 2015లో మొదలైంది. బ్యాంకులో గానీ, పోస్టాఫీసులో గానీ చేరవచ్చు. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లే చేరాలి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు 2022 అక్టోబరు నుంచి చేరడానికి వీల్లేదు. 60 ఏళ్లు నిండాక నెలకు 1000 నుంచి 5000 దాకా పింఛను వస్తుంది. 35 ఏళ్లకు చేరితే 2000 రూపాయల పింఛనుకు నెలకు 362 కట్టాలి. పింఛను తీసుకునే మనిషి పోతే భర్తకో, భార్యకో అదే పింఛను ఇస్తారు.

ఇది ఖాయమైన డబ్బు. కానీ 25 ఏళ్ల తర్వాత ఆ 2000 ఇప్పటి 500 పాటి చేస్తుంది. ఖాయమైనది కరిగిపోతుంది. పెరిగేదేమో ఖాయం కాదు. అందుకే రెండూ కావాలి.

ఫండు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

1. ఏ రకం? షేర్ల ఫండా, బాండ్ల ఫండా, రెండూ కలిసినదా? ప్రతి ఫండు కాగితం మీద గడియారం లాంటి బొమ్మ ఉంటుంది. అందులో ముల్లు నష్టభయం ఎంతో చూపిస్తుంది. తక్కువ నుంచి 'చాలా ఎక్కువ' దాకా ఆరు మెట్లు ఉంటాయి.

2. ఖర్చు ఎంత? ఫండు నడిపేవాళ్లు ఏటా మన డబ్బులోంచి కొంత తీసుకుంటారు. ఒక్క శాతమే కదా అనుకోవద్దు. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్లకు సుమారు 6 లక్షల 72 వేలు అవుతుంది. 9 శాతమే పెరిగితే సుమారు 5 లక్షల 60 వేలు అవుతుంది. ఒక్క శాతం తేడాకు లక్షకు పైగా పోయింది!

3. డైరెక్టా, రెగ్యులరా? 2013 జనవరి నుంచి ప్రతి ఫండులోనూ డైరెక్ట్ ప్లాను ఉంది. అందులో మధ్యవర్తికి కమిషను ఉండదు. కాబట్టి ఖర్చు తక్కువ. కానీ కాగితాల పని మనమే చూసుకోవాలి. రెగ్యులర్ ప్లానులో మధ్యవర్తి సాయం ఉంటుంది, కమిషనూ ఉంటుంది.

4. పోయిన ఏడాది లాభం చూసి మోసపోవద్దు. పోయిన ఏడు వాన బాగా పడిందని ఈ ఏడూ పడుతుందని ఎవరైనా చెప్పగలరా?

5. ఏమీ తోచకపోతే ఇండెక్స్ ఫండు చూడవచ్చు. నిఫ్టీ ఇండెక్స్ ఫండు 50 పెద్ద కంపెనీల షేర్లను కొంటుంది. ఖర్చు మామూలుగా తక్కువ. మార్కెట్టు పడితే ఇదీ పడుతుంది.

నెలనెలా పెడితే

ఒకేసారి కాకుండా నెలనెలా కొంత పెట్టడాన్ని సిప్ అంటారు. నెలకు 500 పెట్టామనుకుందాం. మొదటి నెల యూనిట్ ధర 20 అయితే 25 యూనిట్లు వస్తాయి. రెండో నెల ధర 10కి పడితే 50 వస్తాయి. మూడో నెల మళ్లీ 20 అయితే 25 వస్తాయి. మొత్తం 100 యూనిట్లు. పెట్టింది 1500, విలువ 2000. కానీ మూడో నెల కూడా ధర 10 దగ్గరే ఉండిపోతే విలువ 1250 మాత్రమే. రెండు వైపులా లెక్క వేసుకోవాలి.

రమణమ్మ చేసిన పంపకం

- కూతురి ఫీజు 25,000: బ్యాంకులో డిపాజిట్ చేసింది.
- ఆపద డబ్బు 20,000: బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచింది.
- మిగిలిన 15,000: పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా తెరిచి అందులో వేసింది. దాని గడువు 15 ఏళ్లు. తర్వాత అయిదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు.
- కుట్టు డబ్బులో నెలకు 362: అటల్ పెన్షన్‌కు.
- నెలకు 500: ఇండెక్స్ ఫండులో సిప్.

ఈ 500 చొప్పున 25 ఏళ్లకు కట్టేది లక్షా 50 వేలు. ఏటా 10 శాతం పెరిగితే సుమారు 6 లక్షల 60 వేలు కావచ్చు. 6 శాతమే పెరిగితే సుమారు 3 లక్షల 46 వేలు. ఇంకా తక్కువ కూడా కావచ్చు. ఇది లెక్క మాత్రమే, హామీ కాదు.

55 ఏళ్లు దాటాక షేర్ల ఫండులో ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా తీసి డిపాజిట్లలోకి మార్చుకోవాలి. కోతకొచ్చిన పంటను వానకు వదిలేయం కదా! 60 నిండాక పోస్టాఫీసులో పెద్దల పొదుపు పథకం కూడా ఉంది.

టౌను ఆయన మళ్లీ వచ్చాడు

రమణమ్మ ఆయన్ని కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. "మీ ఏ.ఆర్.ఎన్. నంబరు ఎంతండీ?" అని అడిగింది. ఫండ్లు అమ్మేవాళ్లకు ఆ నంబరు ఉండాలి. ఆయన కార్డు చూపించాడు. నంబరు ఉంది. ఆయన మోసగాడు కాదు. ఫండూ దొంగది కాదు.

రమణమ్మ ఫండు కాగితం తీసుకుంది. గడియారం బొమ్మ చూసింది. ముల్లు చిట్టచివరి మెట్టు మీద ఉంది.

"ఇది చాలా ఎక్కువ నష్టభయం ఉన్న ఫండు కదండీ! మా అమ్మాయి ఫీజు డబ్బు ఇందులో పెట్టమన్నారే?"

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఫీజు సంగతి మీరు చెప్పలేదమ్మా" అన్నాడు.

"మీరు అడగలేదు కదండీ" అంది రమణమ్మ.

ఆ రాత్రి అత్త అడిగింది: "నామినీ అని ఎవరి పేరు రాశావే?"

"ఫండులో నీ మనవరాలి పేరు. పింఛనుకు నీ కొడుకు పేరు."

"కాగితాలు ఎక్కడ పెట్టావు?"

"నీ ట్రంకుపెట్టెలోనే అత్తా. కానీ చదివాకే పెట్టాను."

గుర్తుంచుకోండి

- ఖాయంగా ఎక్కువ లాభం ఇస్తామంటే నమ్మవద్దు.
- డబ్బు నగదుగా ఎవరి చేతికీ ఇవ్వవద్దు. మన బ్యాంకు ఖాతా నుంచి నేరుగా ఫండు ఖాతాకే వెళ్లాలి.
- చదవని కాగితం మీద సంతకం పెట్టవద్దు.
- ఫిర్యాదు ఉంటే సెబీకి ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు. నంబరు: 1800 22 7575.

లెక్క చేయండి

1. నెలకు 362 చొప్పున ఏడాదికి ఎంత? 25 ఏళ్లకు ఎంత?
2. మీ ఇంట్లో వచ్చే రెండేళ్లలో కావలసిన డబ్బు ఎంత? వేరే కాగితం మీద రాయండి. అది తిండి వడ్ల లెక్క.

సంఘంలో మాట్లాడుకోండి

అత్త 12,000 ఎందుకు పోయాయి? అప్పుడు ఆమె ఏ ప్రశ్నలు అడిగి ఉండాల్సింది?