బంతి చెయ్యి దాటేదాకా

కాదమ్మలూ, ఆ మూడింటిలో రెండు నీ తప్పులు కావని నేను వెంటనే ఒప్పుకోను. నువ్వు అలా అన్నావు, ఫోన్లో మీ అమ్మా అదే మాట అంది. కావచ్చు. నువ్వు వేసిన బంతి తిన్నగానే వెళ్లి, మీ రిసీవర్ పిల్ల చేతులకు తగిలి, పైకి లేచి అవతలివాళ్ల చేతుల్లో పడి ఉండొచ్చు. అయినా నువ్వు అడిగింది తప్పెవరిదని కాదు. మీ ఫ్లాగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఇరవై త్రోలకు మూడు ఇంటర్‌సెప్షన్లు అని కాగితం మీద రాసుకుని, ఆ కాగితం చూసి కోచ్ నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టడం న్యాయమా అని అడిగావు. దీని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మధ్యలో క్రికెట్ వస్తుంది, విసుక్కోకుండా చదువు.

ఆ లెక్క అబద్ధం కాదు. మూడుసార్లు బంతి అవతలి జట్టుకు పోయింది, మూడుసార్లూ మీ ఆట అక్కడితో తెగింది. స్కోరు రాసినవాళ్లు రాయాల్సిందే రాశారు. చిక్కల్లా ఎక్కడంటే, అయిదారుగురు కలిసి చేసిన పనికి అది ఒక్కరి పేరే రాసింది. త్రో వేసింది నువ్వు. ఏ ఆట ఆడాలో చెప్పింది కోచ్. రిసీవర్ ఎటు తిరగాలో అటు తిరిగిందా, ఒక అడుగు ముందే ఆగిందా? నీ జెండా లాగడానికి దూసుకొచ్చిన అమ్మాయి నీకు ఎంత సమయం ఇచ్చింది? అవతల బంతి పట్టిన పిల్ల ఎంత గట్టిది? ఇవన్నీ కలిస్తేనే ఒక ఇంటర్‌సెప్షన్. కాగితంలో మాత్రం ఒకే గడి, ఒకే పేరు.

నాకిది కొత్త సంగతి కాదు. నాంపల్లిలో మన ఇంటి నుంచి లాల్ బహదూర్ స్టేడియం నడిచి వెళ్లే దూరమే. మా ఈడువాళ్లం ఇప్పటికీ దాన్ని ఫతే మైదాన్ అనే అంటాం. అక్కడా, పక్కనున్న నిజాం కాలేజీ గ్రౌండ్‌లోనూ లీగ్ మ్యాచ్‌లకు స్కోరు రాస్తూనే నా సెలవు రోజులన్నీ గడిచాయి. స్కోర్‌బుక్ అంటే నాకు భక్తి. అందుకే దాని గుడ్డితనం కూడా బాగా తెలుసు. నాన్‌స్ట్రైకర్ "రా రా" అని పిలిచి, సగం పిచ్ దాటాక "వద్దు" అంటే, వెనక్కి తిరగలేక రనౌటయ్యేది నువ్వు. పుస్తకంలో నీ పేరు ఎదురుగా రనౌట్ అని ఉంటుంది, పిలిచినవాడి పేరు ఎక్కడా కనిపించదు. బై పరుగులు బౌలర్ ఖాతాలో పడవు, వైడ్లు పడతాయి. ఇక క్యాచ్ సంగతి చూడు. పట్టినవాడి పేరు క్రికెట్ రాస్తుంది, వదిలేసినవాడి పేరు రాయదు. నాలుగు పరుగుల దగ్గర స్లిప్‌లో బతికిపోయిన బ్యాట్స్‌మన్ తొంభై కొడితే, ఆ పరుగులన్నీ బౌలర్ తలమీదే. వదిలేసినవాడు టీ విరామంలో హాయిగా టీ తాగుతాడు.

ఏక్‌నాథ్ సోల్కర్ అని బొంబాయి ఆటగాడు ఉండేవాడు. షార్ట్ లెగ్‌లో, బ్యాట్‌కు చెయ్యి చాచేంత దగ్గర నిలబడి 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టాడు. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌ల వికెట్ల లెక్కలో ఆయన చేతులకూ వాటా ఉంది. అదే చోట చేతులు వణికేవాడు నిలబడితే ఆ స్పిన్నర్ల అంకెలు ఎలా ఉండేవో ఆలోచించు. మన హైదరాబాదీ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశాడు. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో మొదటి టెస్టు జరిగినప్పుడు న్యూజీలాండ్ మీద భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. మన దేశానికి అది మొదటి టెస్టు డబుల్ సెంచరీ. గులాం అహ్మద్ పేరు పక్కన ఆ 68 చిరకాలం ఉంటుంది. ఆయన వేసిన ఎన్ని బంతులకు క్యాచ్ లేచి నేలపాలైందో రాయడానికి మాత్రం ఏ పుస్తకంలోనూ గడి లేదు.

అందుకని నేను నా గడి నేనే పెట్టుకున్నాను. క్యాచ్ జారితే ఆ బంతికి వేసిన గుర్తు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టేవాణ్ని. అధికారిక స్కోరుకు దానితో పని లేదు. మా లీగ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు, ఎడమచేతి స్పిన్నర్. సీజన్ చివర అతని వికెట్ల సంఖ్య చూస్తే ఏముంది అనిపించేది. నా పెన్సిల్ సున్నాలు లెక్కపెడితే గుండె తరుక్కుపోయేది. జట్టు ఎంచేవాళ్లకు చూపించాను. వాళ్లు మర్యాదగా విని, వికెట్ల గడి మీద వేలు పెట్టి, పక్క పేజీ తిప్పారు. ఆ కుర్రాడు తర్వాత బ్యాంకులో చేరి ఆట మానేశాడు. అందుకే, అమ్మలూ, నీ వాయిస్ మెసేజ్ వినగానే నాకు కోపం వచ్చింది. నీమీద కాదు, ఒకే గడి చూసి పేజీ తిప్పేసేవాళ్ల మీద.

మీ అమెరికాలోనే బేస్‌బాల్‌వాళ్లు ఈ విషయంలో బుద్ధిగా ఉన్నారు. ఫీల్డర్ చేతిలో పడాల్సిన బంతి జారితే స్కోరర్ దాన్ని 'ఎర్రర్' అని విడిగా రాస్తాడు. దానివల్ల వచ్చిన పరుగు పిచర్ సగటులో కలవదు. మీ ఫుట్‌బాల్‌కు ఆ గడి లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నీకోసం మీ ఆట పుస్తకాలు ఏరుకొచ్చాను, మిగతాది మీ మామయ్య కంప్యూటర్‌లో చూపించాడు.

అందులో నన్ను ఆపేసిన పేరు బ్రెట్ ఫార్వ్. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు ఆయనవే, 336. అదే మనిషి 1995, 96, 97 మూడేళ్లూ వరుసగా లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, మూడో ఏడు బ్యారీ శాండర్స్‌తో పంచుకున్నాడనుకో. ఆయన వేసిన త్రోలు 10,169. అంటే వందకు మూడు చిల్లర పోయాయి. అలాంటివాణ్ని అంతకాలం ఎవరైనా జట్టులో ఎందుకు ఉంచుతారు? బాగా ఆడేవాడికే పదివేల త్రోలు వేసే అవకాశం వస్తుంది, పదివేలు వేసినవాడికే 336 పోతాయి. జో నేమత్‌దీ అదే కథ. 173 టచ్‌డౌన్లు, 220 ఇంటర్‌సెప్షన్లు, అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఆయన రోజుల్లో రిసీవర్లను డిఫెండర్లు దారంతా తోసుకుంటూ పోయేవాళ్లు. లీగ్ మొత్తంలో వందకు అయిదు త్రోలు పోవడం మామూలు. 1978లో నియమాలు మార్చి ఆ తోపులాటకు పగ్గం వేశారు. ఇప్పుడు వందకు రెండున్నర కూడా పోవడం లేదు. కాలం చూడకుండా అంకె పక్కన అంకె పెట్టి నేమత్‌ను ఇప్పటి కుర్రాళ్లతో పోలిస్తే అది లెక్కే కాదు.

1973లో ఎన్ఎఫ్ఎల్ తెచ్చిన రేటింగ్ సూత్రాన్ని నీ మ్యాచ్‌కు వేసి చూశాను. అందులో నాలుగు భాగాలుంటాయి, ఒక్కోదానికి గరిష్ఠం 2.375, నాలుగూ నిండితే 158.3. ఇంటర్‌సెప్షన్ల భాగం వందకు తొమ్మిదిన్నర త్రోలు పోతే సున్నా అవుతుంది. నీ ఇరవైలో ఒకటే పోయి ఉంటే ఆ భాగం 1.125 దగ్గర ఆగేది. ఆ ఒక్క బంతికే రేటింగులో దాదాపు 21 పాయింట్లు పోయినట్టు. రెండోది పోగానే సున్నా. మూడోది పోయినా ఆ సున్నాయే. ఒక్క బంతి అటూ ఇటూ అయితే ఇంత ఊగిపోయే అంకెతో ఒక పిల్ల ఆటను తూస్తారా? పెద్దవాళ్ల లీగ్‌లోనే, సీజన్ మొత్తం ఆడినా, ఒకరి ఇంటర్‌సెప్షన్ల శాతం ఈ ఏడాది ఒకలా, మరుసటేడు ఇంకోలా ఉంటుంది. ఎన్ని త్రోలు చేరాయన్న శాతం అంతగా ఊగదు.

ఇక్కడిదాకా చదివి నువ్వు సంబరపడుతూ ఉంటావు. ఆగు.

రిసీవర్ చేతుల్లోంచి లేచిన రెండు బంతులు లెక్కపెట్టావు. మరి డిఫెండర్ చేతుల్లోకి నువ్వు నేరుగా వేస్తే వాళ్లు జారవిడిచినవి ఎన్ని? మీ అమ్మ పంపిన వీడియో నేను చూశాను. రెండో సగంలో కుడివైపు వేసిన ఆ పొడుగు బంతి ఆ పసుపు చొక్కా పిల్ల గుండెకు తగిలి కింద పడింది. ఆమె పట్టి ఉంటే నీవి నాలుగు. అది కాగితంలో లేదు కాబట్టి నీకూ గుర్తులేదు. నీకు అన్యాయం చేసిన గడే నిన్ను అక్కడ కాపాడింది. ఈ చిక్కు తెలిసే ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ వాళ్లు ప్రతి త్రో వీడియోలో చూసి, ఎవరు పట్టారు, ఎవరు వదిలారు అన్నది పక్కనపెట్టి, అవతలికి పోవాల్సిన త్రోయేనా కాదా అని వేరే లెక్క రాస్తారు. ఆ లెక్కలో నీకు రెండు తగ్గి ఒకటి పెరుగుతుంది. పెరిగే ఆ ఒకటి నువ్వు నీ నోటితో చెప్పలేదే అని నాకు బాధ. నీ వైపు జరిగిన అన్యాయాన్నే లెక్కపెట్టుకుంటూ పోతే ఆట రాదు, నాన్నా.

రిసీవర్ పిల్లను కూడా ఏమీ అనొద్దు. రేపు నీ బంతి పట్టాల్సింది ఆమే.

అట్లాగని భయపడి సున్నా కోసం ఆడకు. మూడు గజాల దూరానికి చిన్న చిన్న బంతులు వేస్తూ, కష్టమనిపిస్తే గీత బయటికి విసిరేస్తూ ఉంటే ఇంటర్‌సెప్షన్లు రావు. మీ జట్టు ముందుకీ పోదు. కాగితం మీద శుభ్రంగా కనిపించే ఆటే మ్యాచ్ ఓడిస్తుంది. మొదటి సగం ఆఖరి క్షణంలో, పోతే పోనీ అని దూరంగా గుంపులోకి వేసిన బంతి పోయినా, గోల్ లైన్ ముందు కళ్లు మూసుకుని వేసిన బంతి పోయినా, గడిలో పడేది ఒకే గీత. మొదటిది సరైన నిర్ణయం, రెండోది కాదు.

2015 ఫిబ్రవరి 1న జరిగిన సూపర్ బౌల్ నువ్వు చూసి ఉండవు. సియాటిల్ జట్టు ఒక్క గజం దూరంలో ఉంది, గెలుపు చేతికి అందేంత దగ్గర. రసెల్ విల్సన్ వేశాడు. న్యూ ఇంగ్లండ్ నుంచి మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు, ఎవరూ డ్రాఫ్ట్‌లో తీసుకోనివాడు, రిసీవర్ కంటే ముందు దూకి పట్టేశాడు. 28-24తో ఆట ముగిసింది. బట్లర్ ఆ ఎత్తును ప్రాక్టీసులో చూసి, ఒకసారి దెబ్బ తిని, నేర్చుకుని వచ్చాడు. బంతి పట్టుకుని పరుగెత్తకుండా త్రో ఎందుకు వేయించారని సియాటిల్ కోచ్‌ను జనం ఇప్పటికీ అడుగుతారు. ఇందులో విల్సన్ వాటా ఎంత, కోచ్ వాటా ఎంత, బట్లర్ గొప్పతనం ఎంత? స్కోరు షీట్‌లో విల్సన్ పేరు ఎదురుగా ఒకటి అని ఉంది, అంతే.

కాలితో ఆడే మన ఫుట్‌బాల్‌లోనూ ఇదే కథ, దానికి మన రహీం సాబ్ గురించి చెప్పాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్‌లు తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన నడిపిన భారత జట్టుకు గోల్‌కీపర్ ఇక్కడే పుట్టిన పీటర్ తంగరాజ్. హంగరీ రెండు, ఫ్రాన్స్ ఒకటి, పెరూ మూడు, మొత్తం ఆరు గోల్స్ ఆయన్ని దాటాయి. ఆ ఆరూ తంగరాజ్ పేరునే ఉంటాయి. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టని ఆ అంకె చెప్పదు. రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద రహీం సాబ్ గోల్ ముందు నిలబెట్టింది ఆ తంగరాజ్‌నే. 2-1తో స్వర్ణం మనది.

సరే, ఇప్పుడు నువ్వేం చేయాలో చెబుతా. మ్యాచ్ వీడియో పెట్టుకో. ప్రతి త్రో దగ్గర, బంతి నీ వేళ్లను వదిలిన క్షణంలో వీడియో ఆపు. తర్వాత ఏమైందో చూడకు. నా సిద్ధాంతమంతా ఇంతే: నిన్ను నువ్వు తూచుకోవడం బంతి చెయ్యి దాటేదాకానే, దాటాక అది పదిమందిది. ఆపిన బొమ్మ చూసి నోట్‌బుక్‌లో రాయి. ఎవరు ఖాళీగా ఉన్నారు, నువ్వు ఎవరికి వేశావు, వేసినప్పుడు కాళ్లు నిలిచి ఉన్నాయా లేక వెనక్కి పడుతూ వేశావా. ఆ తర్వాతే వీడియో నడిపించి, చివరి గడిలో ఫలితం రాయి. దాని పక్కన ఇంకో గడి గీసి, డిఫెండర్ జారవిడిచి నిన్ను కాపాడినవి అందులో వెయ్యి. ఒక మ్యాచ్‌తో ఏమీ తెలియదు. సీజనంతా రాస్తే నీ తప్పులు ఎక్కడ గుమిగూడాయో కనిపిస్తుంది. నా అనుమానం, నీవి కుడివైపు పరుగెత్తుతూ వేసినప్పుడు.

కోచ్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇది అన్యాయమని మొదలుపెట్టకు. ఆయన ప్రాక్టీసులో చూసేవి కాగితంలో లేవు, నీకు చెప్పని కారణం ఆయనకు వేరే ఉండొచ్చు. "ఈ మూడింటిలో ఏ త్రో మళ్లీ వెయ్యమంటారు, ఏది వద్దంటారు?" అని అడుగు. "ఒక్కటీ వద్దు, మూడూ పోయాయి కదా" అంటే ఆయన ఫలితాన్నే చూస్తున్నాడు. "రెండోది మళ్లీ వెయ్యి, మూడోది వద్దు" అంటే నీ ఆట చూస్తున్నాడు. అప్పుడు ఇంకో మాట అనకుండా కూర్చుని నేర్చుకో.

2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే మన క్రికెట్‌నూ మీ ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నూ 2028 లాస్ ఏంజిలిస్‌కు కలిపి ఒప్పుకున్నారని నీకు తెలుసా? మీ జార్జియా హైస్కూళ్లలో ఆడపిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు గుర్తింపు వచ్చింది 2020-21లో. కొత్త ఆట కదా, మీ స్కోరు కాగితాల్లో గడులు ఇంకా గట్టిపడలేదు. కాపాడిన బంతుల గడి ఒకటి పెట్టమని మీ జట్టు స్కోరర్‌ను నువ్వే అడగొచ్చు.

శనివారం మ్యాచ్ అయ్యాక నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి మామయ్య ఫోనుకు పంపు. ఆ గడి ఖాళీగా ఉంటే నేను ఒప్పుకోను.

మీ తాతయ్య,
నాంపల్లి