బెంగళూరు కేథలిక్ యూనివర్సిటీల్లో నెగ్గుకురావాలంటే

పుట్టపర్తి ప్రాంత విద్యార్థులకు బాగా దగ్గరగా ఉన్న కేథలిక్ విశ్వవిద్యాలయాలు బెంగళూరులోనివే. క్రైస్ట్ 1969లో కళాశాలగా మొదలై 2008లో డీమ్డ్ హోదా పొందింది. 1882లో పుట్టి, 1937 నుంచి జెస్యూట్ ఫాదర్ల నిర్వహణలో ఉన్న సెయింట్ జోసెఫ్స్ 2022లో విశ్వవిద్యాలయమైంది. మైనారిటీ సంస్థలైనా ఇతర మతాల విద్యార్థులకూ వీటిలో ప్రవేశం ఉంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు రైలెక్కితే కొన్ని గంటల్లో అక్కడుంటారు. సీటు వచ్చాక నిలదొక్కుకోవడమే అసలు పని.

జెస్యూట్ల చదువులో 'క్యూరా పెర్సొనాలిస్' అనే లాటిన్ మాట తరచుగా వినిపిస్తుంది. ఒక్కొక్క విద్యార్థినీ విడిగా, మనిషిగా పట్టించుకోవడం అని దాని భావం. ఆచరణలో ఆ బాధ్యత మెంటార్‌గా ఉండే అధ్యాపకుడిది. మార్కులు తగ్గినా, ఇంటి మీద బెంగ పట్టుకున్నా ముందుగా తెలియవలసింది ఆయనకే. మనసు బాగా కుంగితే కౌన్సెలర్ ఉంటారు. వెళ్ళడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

దగ్గర ఊరి పిల్లలకు ఎక్కువగా దెబ్బ తగిలేది హాజరు దగ్గర. క్రైస్ట్‌లో 85 శాతం హాజరు ఉండాలి. ఒక సబ్జెక్టుకు వారానికి 4 చొప్పున 15 వారాల్లో 60 క్లాసులు జరిగాయనుకుంటే, పోగొట్టుకోగలిగినవి 9 మాత్రమే. ప్రతి శనివారం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున రైలు పట్టుకుని ఫస్ట్ అవర్ వదిలేసేవారికి ఆ గంటలో ఉండే ఒక్క సబ్జెక్టులోనే 15 క్లాసులు పోతాయి. ఆదివారం సాయంత్రమే బయల్దేరితే ఈ చిక్కు ఉండదు.

రెండో ఇబ్బంది ఇంగ్లిష్. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు పాఠం అర్థమైనా నోరు విప్పడానికి జంకుతారు. ఇది తెలివికి సంబంధించిన లోపం కానే కాదు. మొదటి ఇంటర్నల్స్ అయ్యేదాకా ఆగకుండా సీనియర్ల సాయం, అదనపు తరగతుల గురించి ముందే అడగాలి. ఇంటర్న్‌షిప్ వేళకు ప్లేస్‌మెంట్ సెల్‌లో మాట్లాడవలసింది కూడా ఈ ఇంగ్లిష్‌లోనే.

బెంగళూరు ఫీజు భారమనుకునే కుటుంబాలకు దగ్గర్లోనే మరో దారి ఉంది. 1981లో డీమ్డ్ హోదా పొందిన శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థలో ట్యూషన్ ఫీజు లేదు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. హాస్టల్‌లో ఉంటూ తెల్లవారుజామున లేచి, ప్రార్థన, ఆటలు, సేవతో కూడిన దినచర్యను పాటించాలి. ఆ కట్టుబాటు ఇష్టమైనవారికి అదే పెద్ద అండ.

ఎక్కడ చేరినా మొదటి వారంలోనే మెంటార్ పేరు, గది నంబరు, కలిసే వేళలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఏ ఇబ్బందీ లేనప్పుడే ఒకసారి వెళ్ళి పరిచయం చేసుకోండి.