మొటిమలకు సముద్రపు నాచు మందా?

మొన్న ఔరాద్‌లోని మా మతబ్‌కు ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చారు. పిల్ల ముఖం నిండా మొటిమలు. "చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచేనట కదా హకీమ్ సాబ్, రోజూ పెడితే తగ్గుతాయా?" అని అడిగారు.

తగ్గవు. చైనా గ్రాస్ ఎర్రనాచు నుండి తీసిన జిగురు. రంజాన్‌లో ఇష్టంగా తినండి, కానీ అది మొటిమల మందు కాదు. అందులో పోసే పాలు, చక్కెర కొందరికి మొటిమలను పెంచుతాయి కూడా.

పరిశోధకుల ఆశ గోధుమరంగు నాచు మీద. తమిళనాడులోని మండపం తీరంలో పెరిగే సర్గాసమ్ ఈ రకానిదే. కొన్ని గోధుమ నాచుల్లోని ఫ్లోరోటానిన్లనే వగరు పదార్థాలు (మన యూనానీలో ఖాబిజ్ అంటాం) మొటిమల్లో పెరిగే సూక్ష్మజీవిని అణిచివేస్తాయని, వాపు తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో కనిపించింది. మనుషులపై పెద్ద పరీక్షలు ఇంకా జరగాలి.

అంతవరకు నాచు బిళ్ళలు మింగకండి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. కెల్ప్ బిళ్ళల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. అయోడిన్ మితిమీరితే మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది.

ఇంతకీ ఆ పిల్ల తెల్లబడాలని నెలల తరబడి రాస్తున్నది స్టెరాయిడ్ క్రీము! దానివల్ల కూడా మొటిమలు వస్తాయి. ఒక్కసారిగా మానితే ముఖం ఎర్రబడి మండుతుంది. అందుకే నా మందేమీ ఇవ్వకుండా బీదర్‌లో చర్మ డాక్టరుకు చూపించమన్నాను. మీ ఇంట్లోనూ అలాంటి ట్యూబు ఉందేమో చూడండి.